లాంగ్ బీచ్ వృద్ధులు

దక్షిణ కాలిఫోర్నియా తీరమందలి లాంగ్ బీచ్ నగరమునకు అయోవా మొదలగు మంచుసీమల రైతులు, వర్తకులు వయసు మళ్ళినపిదప వచ్చి స్థిరపడెడివారు. మనవారి కాశీవాసము వంటిదందుమా? వారు కోరినది మోక్షము గాదు, వెచ్చదనము! 1929 తరువాతి మాంద్యములో బ్యాంకులు మూతపడి, పలువురు కూడబెట్టిన సొమ్ము హరించిపోయెను. 1933లో ఆ ఊరనే యున్న ఫ్రాన్సిస్ టౌన్సెండ్ అను 66 ఏండ్ల వైద్యుడు పత్రికకు వ్రాసిన లేఖనుండి ఒక పథకము పుట్టెను: 60 నిండి పని మానినవారికి నెలకు 200 డాలర్లు, దానిని నెలలోపుగా వ్యయము చేసితీరవలెను. లెక్క కుదరదని ఆర్థికవేత్తలు ఆక్షేపించిరి. మాకును కుదురునని తోపదు. అయినను సంఘములు వేలకొలదిగా వెలసెను; వృద్ధులే అర్జీలపై సంతకములు సేకరించిరి. ఆ యొత్తిడి నడుమ 1935 ఆగస్టు 14న రూజ్వెల్టు సాంఘిక భద్రతా చట్టమును ఆమోదించెను. 1940 జనవరిలో తొలి నెలసరి పింఛను వెర్మాంటు వాస్తవ్యురాలు ఐడా మే ఫుల్లరుకు ముట్టెను: 22 డాలర్ల 54 సెంట్లు.