మోదుగ కొమ్మ నుంచి ఓక్ నేల దాకా

పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో గుస్తావ్ కైబోత్ వేసిన చిత్రం ఒకటి ఉంది. ఖాళీ గదిలో ముగ్గురు మనుషులు చొక్కాలు విప్పేసి, మోకాళ్ల మీద వంగి చెక్క నేలను గీకుతుంటారు. కిటికీలోంచి పడే వెలుగులో గీకిన చారలు పాలిపోయి, గీకని చారలు నల్లగా నిగనిగలాడుతుంటాయి. చుట్టూ ఉంగరాలు తిరిగిన చెక్క పేళ్లు. పక్కన ఒక సీసా, గ్లాసు. 1875లో పారిస్ అధికారిక చిత్ర ప్రదర్శన ‘సలోన్’ దీన్ని తిరస్కరించింది. కూలివాళ్ల ఒంటినీ చెమటనూ ఇంత సూటిగా చూపడం అప్పటి పెద్దలకు రుచించలేదు. మరుసటి ఏడాది ఇంప్రెషనిస్టుల రెండో ప్రదర్శనలో కైబోత్ దాన్ని జనం ముందు పెట్టాడు.

ఆ చిత్రం ఎప్పుడు చూసినా నా చూపు ఆ నల్లటి చారల మీదే ఆగుతుంది. చెక్క నేల మీద ఎవరో ఏదో పూస్తారు. ఏళ్లు గడిచాక ఇంకెవరో మోకాళ్ల మీద కూర్చుని దాన్ని వదిలించాలి. పాత చెక్క నేలకు ఏ పూత మంచిదని అడిగేవాళ్లు మెరుపు గురించీ మన్నిక గురించీ ఆరా తీస్తారు. అది పాడైన రోజు బాగుచేయడం ఎలా అన్నది మాత్రం అడగరు. మూడు శతాబ్దాల నేల పూతల కథ చదివితే, మొదట అడగాల్సిన ప్రశ్న అదేనని అర్థమవుతుంది.

వెర్సాయ్ రాజభవనంలోనే చూడండి. అక్కడ మొదట పరిచినవి పాలరాతి పలకలు. వాటిని కడిగిన నీళ్లు సందుల్లోంచి దిగి, కింద మోస్తున్న కొయ్య దూలాలను కుళ్లబెట్టసాగాయి. 1684లో పాలరాయి తీయించి, ఓక్ చెక్కలను చతురస్రపు చట్రాల్లో ఐమూలగా అల్లి పరిపించారు. ఆ అల్లిక ఇప్పటికీ వెర్సాయ్ పేరుతోనే అమ్ముడవుతోంది. ఇలాంటి నేలను కడగరు. తేనెమైనం పట్టించి రుద్దుతారు. ఫ్రాన్స్‌లో ఇందుకోసం ‘ఫ్రొత్యూర్’ అనే వృత్తివాళ్లే ఉండేవారు. పాదానికి బ్రష్ కట్టుకుని, గది ఈ చివర నుంచి ఆ చివరకు జారుతూ, ఒళ్లంతా ఊగుతూ నేలకు మెరుపు తెచ్చేవారు. మైనం మెత్తనిది, తొందరగా అరుగుతుంది, నీటి చుక్క పడితే తెల్లటి మచ్చ వేస్తుంది. అయితే అరిగిన చోట ఇంకాస్త పట్టించి రుద్దితే సరి. చెక్క ఒక్క పొర కూడా పోదు. ఆ రుద్దే చేతులకూ కాళ్లకూ కూలి ఇచ్చుకోగల ఇళ్లకే అది చెల్లింది.

అమెరికాలో మామూలు జనం ఇళ్లలో 19వ శతాబ్దంలో చాలాకాలం పైన్ చెక్క పలకలే నేల. పూత ఉండేది కాదు. ఇసుకా క్షారజలమూ వేసి తోమేవారు, లేకపోతే రంగు వేసేవారు. పలకల అంచుల్లో గాడి, నాలుక చెక్కి ఒకదాంట్లో ఒకటి బిగించే యంత్రాలు 1880ల్లో వచ్చాక ఓక్, మేపుల్ నేలలు మధ్యతరగతి ఇంటికీ అందాయి. ఖరీదు పెట్టి వేయించుకున్న నేలను ఎలా కాపాడుకోవాలో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ ప్రశ్నే ఒక మనిషి జాతకం మార్చింది. విస్కాన్సిన్ రాష్ట్రం రసీన్ పట్టణంలో శామ్యూల్ కర్టిస్ జాన్సన్ 1886లో ఒక హార్డ్‌వేర్ కంపెనీ నుంచి పార్కే నేలల (చెక్క ముక్కలు అల్లి పరిచే నేలల) వ్యాపారం కొన్నాడు. నేల వేయించుకున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఉత్తరాలు రాసేవారు, దీన్ని ఎలా చూసుకోవాలి అని. జాన్సన్ యూరప్ పద్ధతులు గమనించి మైనం కలిపి తయారుచేశాడు. నేల కొన్నవాళ్లకు దాన్ని అమ్మాడు. నేల కొననివాళ్లూ అడగడం మొదలుపెట్టారు. 1898 వచ్చేసరికి నేలల కన్నా మైనం, ఇతర పూతల మీదే ఎక్కువ రాబడి వచ్చింది. ఆ కంపెనీ ఆ తర్వాత నేలల వ్యాపారాన్నే వదిలేసింది.

అదే కాలంలో అమెరికన్ నేలలను ఏలిన ఇంకో పూత షెల్లాక్. అంటే మన లక్కే. దీని కథ మనం తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే అది మన అడవుల్లో మొదలైంది.

మోదుగ, రేగు, కుసుం చెట్ల లేత కొమ్మల మీద లక్క పురుగులు వేలకు వేలు చేరి రసం పీలుస్తూ, తమ చుట్టూ జిగురు గూడు కట్టుకుంటాయి. ఆ పెచ్చును కొమ్మల మీద నుంచి గీకి, దంచి, నీళ్లలో కడుగుతారు. కడిగితే ఎర్రటి రంగు దిగుతుంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఆ రంగుకే గిరాకీ. 1856లో విలియం పెర్కిన్ ఊదా రంగుతో కృత్రిమ రంగుల యుగం మొదలయ్యాక లక్క రంగు వ్యాపారం క్రమంగా పడిపోయింది. అప్పటి నుంచి జిగురే ప్రధాన సరుకయింది.

దాన్ని శుద్ధి చేసే పాత పద్ధతి గురించి చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కడిగి ఆరబెట్టిన లక్కను పొడవాటి సన్నని గుడ్డ సంచిలో నింపి, బొగ్గుల పొయ్యి ముందు పట్టి మెలిపెడతారు. కరిగిన లక్క గుడ్డలోంచి ఊరుతుంది. దాన్ని వేడినీళ్లు నింపిన పింగాణీ గొట్టం మీద పలచగా పరిచి తీస్తారు. ఆ తర్వాత ఒక పనివాడు ఆ వేడి రేకును నిప్పు ముందు నిలబడి చేతులతో, కాలివేళ్లతో, పళ్లతో పట్టి నిలువెత్తు పల్చని పొరగా సాగదీస్తాడు. చల్లారాక విరిస్తే తేనెరంగు పెచ్చులు. మీర్జాపూర్ ఈ పనికి పెద్ద కేంద్రంగా ఉండేది. కలకత్తా రేవు నుంచి ఓడలెక్కి పోయిన ఆ పెచ్చులు న్యూయార్క్‌లో, లండన్‌లో స్పిరిట్‌లో, అంటే ఆల్కహాల్‌లో కరిగి నేలలకూ బల్లలకూ పియానోలకూ పూతయ్యాయి. గ్రామఫోన్ రికార్డులకూ అదే ముడిసరుకు. ఈ పంట మీద పరిశోధనకు 1924లో రాంచీ దగ్గర నామ్‌కుంలో ఏకంగా ఒక సంస్థ వెలిసింది. ఓక్ నేల మీద మెరుస్తున్నది ఎవరి ఒంటి వేడితో తయారైందో ఆ నేలలున్న ఇంటివాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

అదే లక్కను ఏటికొప్పాక బొమ్మల కళాకారులు స్పిరిట్ జోలికి పోకుండా వాడతారు. తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి కర్రకు పట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది.

నేల మీద లక్కకు ఇంత ఆదరణ ఎందుకంటే, అది ఆరే వేగం. అవిసె నూనె ఆరడానికి రోజులు పడుతుంది. నూనె వార్నిష్‌కు కనీసం ఒక పగలూ రాత్రీ కావాలి. లక్క పూత గంటలోపే ఆరుతుంది. పొద్దున పూస్తే సాయంత్రానికి గదిలో నడవొచ్చు. అసలు గొప్పతనం వేరే ఉంది. కొత్త పూతలోని స్పిరిట్ పాత లక్కను కాస్త కరిగించి తనలో కలిపేసుకుంటుంది. రెండు పొరలు ఒక్కటవుతాయి. గుమ్మం దగ్గర అరిగితే గుమ్మం దగ్గరే పూస్తే చాలు. బలహీనతలూ తక్కువేమీ కావు. నీళ్లు నిలిస్తే తెల్లబడుతుంది, మద్యం ఒలికితే కరుగుతుంది, అమ్మోనియా కలిసిన ద్రావణంతో తుడిస్తే లేచిపోతుంది. కరిగించి పెట్టిన లక్క పాతబడితే గట్టిపడక జిగటగానే ఉండిపోతుంది కాబట్టి తాజాగా కలుపుకోవాలి. ఈ పూత మీద మైనం రుద్దడం అప్పటి ఇళ్లలో మామూలు.

రెండో ప్రపంచ యుద్ధం లక్కను నేల మీద నుంచి తోసేసింది. యుద్ధ అవసరాలకు కావాల్సి రావడంతో 1942లో అమెరికా ప్రభుత్వం ఇతర వాడకాల మీద ఆంక్షలు పెట్టింది. రికార్డు కంపెనీలు ఉత్పత్తి తగ్గించుకోవాల్సి వచ్చింది. బౌలింగ్ ఆటస్థలాల నిర్వాహకులు లక్క మాని నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే పూతకు మళ్లారు. ఆ తర్వాత వచ్చింది పాలీయురేథేన్. 1937లో జర్మనీలోని లెవర్కూసెన్‌లో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన రసాయనం అది. యుద్ధం ముగిశాక వార్నిష్ రూపంలో ఇళ్లకు చేరింది. నీటికి లొంగదు, మద్యానికి లొంగదు, ఏళ్ల తరబడి రుద్దే పని లేదు. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి?

దాని మేలు నేను కాదనను. పిల్లలూ కుక్కలూ తిరిగే వంటింటికి అదే నయం. కానీ అది అరిగిన చోట అతుకు వేయడం కష్టం. కొత్త పొర పాత పొరలో కలవదు, పైన కూర్చుంటుంది. మైనం ఉన్న నేల మీద పూస్తే అసలు పట్టదు, పొరలు పొరలుగా లేస్తుంది. చివరికి మిగిలే దారి యంత్రంతో మొత్తం గీకించడం. ముప్పావు అంగుళం మందం ఉన్న ఓక్ పలకలో నాలుకకు పైన అరగడానికి పనికొచ్చే చెక్క దాదాపు పావు అంగుళమే. గీకిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది. తాతల కాలం నేలకు ఎన్నిసార్లు గీకుళ్లు అయ్యాయో ఇప్పుడున్నవాళ్లకు తెలియదు. చెక్క పల్చబడి మేకులు బయటపడ్డాక ఏ పూతా ఆ నేలను కాపాడలేదు.

అందుకే కొత్త డబ్బా కొనేముందు, నేల మీద ఇప్పుడు ఏముందో తెలుసుకోవాలి. బీరువా వెనక, ఎవరికీ కనపడని మూలలో స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో రుద్దండి. జిగటపడి గుడ్డకు రంగు అంటితే అది లక్క. లాకర్ అయితే స్పిరిట్‌కు అంతగా లొంగదు గానీ లాకర్ థిన్నర్‌కు కరుగుతుంది. నీటి చుక్క వేసి పది నిమిషాలు ఆగితే తెల్లమచ్చ తేలిందా, మైనం ఉందన్నమాట. చుక్క చెక్కలోకి ఇంకిపోతే పూతే మిగల్లేదన్నమాట. లక్క తేలిన నేలను శుభ్రం చేసి మళ్లీ లక్కే పూయవచ్చు. పైన పాలీయురేథేన్ వేయాలనే ఉంటే, మైనం తీసేసిన రకం లక్కను మధ్య పొరగా వేయాలి. నూనె తాగిన నేలకు నూనే మేలు, ఏడాదికోసారి పలచగా పట్టించే ఓపిక ఉంటే. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లయితే రంగుల్లో సీసం ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా గీకించకూడదు.

నూనె గుడ్డల విషయం ఇంకా కఠినంగా చెప్పాలి. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. ముద్దగా పడేసిన గుడ్డలు అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటాయి. 1991 ఫిబ్రవరి 23 రాత్రి ఫిలడెల్ఫియాలోని 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజాలో చెక్క పలకలకు మెరుగు పెట్టి వదిలేసిన ఇలాంటి గుడ్డలే నిప్పు రాజేశాయి. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. పని కాగానే ఆ గుడ్డలను నీళ్లలో నానబెట్టండి, లేదా ఆరుబయట విడివిడిగా పరచండి.

న్యూజెర్సీలో, షికాగోలో వందేళ్ల నాటి ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు నా విన్నపం ఒక్కటే. గీకే యంత్రాన్ని అద్దెకు తెచ్చేముందు ఆ మూలలో స్పిరిట్ పరీక్ష చేయండి. లక్క అని తేలితే యంత్రాన్ని తేకండి. అరిగినంత మేర మళ్లీ లక్క పూయండి, చాలు.