కుక్కతోక పట్టుకుని గోదారి

న్యూజెర్సీ అనగానే మనవాళ్ళకి ఎడిసన్, ఓక్ ట్రీ రోడ్డు, శనివారం పూట పార్కింగ్ దొరకని ఇండియన్ కిరాణా కొట్లు గుర్తొస్తాయి. ఈ రాష్ట్రాన్ని గార్డెన్ స్టేట్ అని ఎందుకంటారో తెలియాలంటే మాత్రం అక్కణ్ణించి ఓ గంట పడమటికి పోవాలి. హంటర్‌డన్, వారెన్, ససెక్స్ కౌంటీల్లో మొక్కజొన్న చేలు, గడ్డివాములు, ఎర్రరంగు వేసిన పశువుల కొట్టాలు ఇంకా మిగిలే ఉన్నాయి. అలాంటి చోట పొద్దున్నే ఆరింటికి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లేసుకున్న పద్నాలుగేళ్ళ పిల్ల కొట్టం వైపు నడుస్తుంటుంది. ఒక చేతిలో మేకల దాణా బకెట్టు. రెండో చేతిలో తోలు పట్టా, దాని చివర నాలుగు నెలల లాబ్రడార్ కూన.

కాళ్ళ ముందు నుంచి ఓ కోడి టపటపా రెక్కలు కొట్టుకుంటూ లేస్తుంది. కూన చెవులు నిక్కుతాయి, ఒళ్ళంతా బిగుస్తుంది. పిల్ల అరవదు, పట్టా గుంజదు. ఉన్నచోటే ఆగిపోతుంది. కూన కోడిని చూస్తుంది, పిల్లని చూస్తుంది, మళ్ళీ కోడిని చూస్తుంది. చివరికి కోడి సంగతి వదిలేసి పిల్ల మొహంలోకి చూసినప్పుడు, ‘గుడ్ గర్ల్’ అంటూ చెవి వెనక నిమురుతుంది. ఏడాది పొడుగునా చేసే పని చాలామటుకు ఇదే.

ఆ కూన ఆ పిల్లవాళ్ళ ఇంటిది కాదు. మోరిస్‌టౌన్ దగ్గరున్న సీయింగ్ ఐ సంస్థది. ఏడెనిమిది వారాల వయసులో ఈ ఇంటికి వచ్చింది, ఏడాది దాటిన కొన్నాళ్ళకి వెళ్ళిపోతుంది. పరీక్షలన్నీ నెగ్గితే చూపులేని ఒక మనిషికి దారి చూపిస్తుంది.

కుక్కలకి దారి చూపడం నేర్పే ఈ విద్య అమెరికాలో పుట్టింది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోగొట్టుకున్న జర్మన్ సైనికుల కోసం 1916లో ఓల్డెన్‌బర్గ్‌లో తొలి బడి పెట్టారు. తర్వాత పోట్స్‌డామ్‌లో ఇంకొకటి వచ్చింది. స్విట్జర్లాండ్‌లో జర్మన్ షెపర్డ్ జాతిని పెంచుతున్న అమెరికన్ శ్రీమంతురాలు డొరతీ హారిసన్ యూస్టిస్ ఆ పోట్స్‌డామ్ బడిని చూసి ఆశ్చర్యపోయి, 1927 నవంబరు 5న సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో వ్యాసం రాశారు. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో ఒక తండ్రి దాన్ని కొడుక్కి చదివి వినిపించాడు. కొడుకు పేరు మోరిస్ ఫ్రాంక్. ఆరేళ్ళప్పుడు గుర్రం మీద పోతూ చెట్టుకొమ్మ తగిలి ఒక కన్ను, పదహారేళ్ళప్పుడు బాక్సింగ్‌లో రెండోది పోయాయి. తనకో కుక్కని ఇప్పించమని, అది పనికొస్తే అమెరికాలో తనలాంటివాళ్ళందరికీ ఈ విద్య నేర్పించే పూచీ తనదని యూస్టిస్‌కి ఉత్తరం రాశాడు. ఆమె సరేనంది. స్విట్జర్లాండ్ వెళ్ళేటప్పుడు ఓడవాళ్ళు ఆయన్ని పార్సిల్ కింద జమకట్టి, గదికి బయట తాళం వేసేవారట. తిరిగొచ్చేటప్పుడు పక్కన బడ్డీ ఉంది. ఆ ఆడకుక్క అసలు పేరు ‘కిస్’. నలుగురిలో ఆ పేరుతో పిలవడానికి సిగ్గుపడి మార్చేశాడు.

కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడం అని మనం వెటకారంగా అంటాం. 1928 జూన్‌లో న్యూయార్క్ రేవులో ఫ్రాంక్‌ని చుట్టుముట్టిన విలేఖరులకి ఈ సామెత తెలియదు గాని, అనుకున్నది మాత్రం అదే. చేతనైతే వెస్ట్ స్ట్రీట్ దాటి చూపించమన్నారు. రేవు వెంబడి లారీలు దూసుకుపోయే వెడల్పాటి రోడ్డది. ఫ్రాంక్ ‘ఫార్వర్డ్’ అన్నాడు. బడ్డీ నాలుగడుగులు వేసింది, ఆగింది, వెనక్కి తగ్గింది, మళ్ళీ కదిలింది. మధ్యలో ఎటు పోతున్నదీ ఆయనకే తెలియలేదు. కుక్క జీనుకున్న పిడి ఒక్కటే ఆధారం. అవతలి గట్టు చేరాక యూస్టిస్‌కి ఒకే ఒక్క మాటతో తంతి పంపాడు: సక్సెస్.

1929 జనవరి 29న నాష్‌విల్‌లో సీయింగ్ ఐ మొదలైంది. అక్కడి ఎండలు కుక్కలకి పడక, 1931లో న్యూజెర్సీకి మారింది. ఫ్రాంక్ అంతటితో ఊరుకోలేదు. కుక్కని సామాన్ల పెట్టెలో పడెయ్యమన్న రైలు కంపెనీలతో ఏళ్ళ తరబడి తగాదా పడ్డాడు. 1935 నాటికి అమెరికాలోని రైళ్ళన్నీ దారిచూపే కుక్కల్ని యజమాని పక్కనే ఉండనిచ్చాయి. అప్పటికింకా ఈ దేశంలో దానికంటూ కేంద్ర చట్టమేదీ లేదు.

పల్లె పిల్లలు ఈ కథలోకి వచ్చింది 1942లో. కుక్కల కొట్టంలోనే పెరిగిన కుక్కకి మెట్లు తెలియవు, ట్రాక్టరు చప్పుడు తెలియదు, పసిపిల్లలు తెలియరు. అందుకని కూనల్ని ఇళ్ళకి ఇవ్వాలనుకున్న సంస్థ ఫోర్-హెచ్ సంఘాల తలుపు తట్టింది. నాలుగాకుల పచ్చటి గుర్తున్న ఈ సంఘాల మూలం 1902లో ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఎ.బి. గ్రాహమ్ అనే బడిపంతులు రైతుబిడ్డలతో పెట్టిన క్లబ్బు. 1914 స్మిత్-లీవర్ చట్టం వాటిని వ్యవసాయ కళాశాలల విస్తరణ సేవలకి ముడిపెట్టింది. ఈ కళాశాలలు మనకి మరీ పరాయివి కావు. 1964లో హైదరాబాద్‌లో మొదలైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తొలినాళ్ళలో చేయూతనిచ్చింది అలాంటిదే, కాన్సస్ స్టేట్.

ఊళ్ళో అంతమంది ఉండగా రైతుబిడ్డల్నే ఎందుకు వెతుక్కున్నట్టు? విశాలమైన చోటుంటుందన్నది సులువైన జవాబు. అంతకంటే లోతైన కారణం ఇంకొకటి ఉండొచ్చు. ఫోర్-హెచ్ పిల్లలు దూడకి పేరు పెట్టి, పాలు పట్టి, ఏడాది పాటు సాకి, వేసవి చివర కౌంటీ సంతలో వేలానికి నిలబెడతారు. దాని మెడ కావలించుకుని బావురుమంటూనే తాడు కొన్నవాడి చేతికిస్తారు. పెంచింది తనది కాదన్న పాఠం ఆ ఇళ్ళలో కూన రాకముందే ఉంది.

కూన దినచర్యలో విచిత్రాలేవీ ఉండవు. తిండి కప్పుతో కొలిచి పెట్టాలి, టేబుల్ మీది మెతుకు ఒక్కటి కూడా పడకూడదు. నాయనమ్మలున్న మన ఇళ్ళలో ఈ నియమం ఒక్కరోజు నిలిస్తే గొప్ప. దొడ్డికి ఒకే చోటికి, పట్టాతోనే తీసుకెళ్ళాలి. వారానికి కొన్నిసార్లు ఊళ్ళోకి తిప్పాలి: రైల్వే స్టేషను, లిఫ్టు, ఇనుప జల్లెడ మూతలున్న కాలిబాట. దారి చూపడం మాత్రం ఈ పిల్లలు నేర్పరు. అది మోరిస్‌టౌన్ శిక్షకుల పని, నాలుగు నెలల చిల్లర పడుతుంది.

ఎర్రదీపం, పచ్చదీపం కుక్కకి పట్టవు. ఎప్పుడు దాటాలో బండ్ల చప్పుడు విని మనిషే తేల్చుకుంటాడు. ఎటు పోవాలో తెలిసింది మనిషికి, ఏది అడ్డుందో తెలిసింది కుక్కకి. చిక్కంతా ఇద్దరి లెక్కా కుదరనప్పుడే. మనిషి ‘ఫార్వర్డ్’ అంటాడు, మలుపు తిరిగి కారొస్తుంటుంది. అప్పుడు కుక్క కదలకూడదు. ఏడాది పాటు మాట వినడం నేర్పిన ప్రాణికి, ఫలానా క్షణంలో మాట వినకూడదని నేర్పడం ఈ విద్యలో అన్నిటికంటే కష్టమైన ఘట్టం. శిక్షకులు పనిగట్టుకుని కార్లు నడిపి దారికి అడ్డమొస్తారు. చప్పుడు చెయ్యని హైబ్రిడ్ కార్లు వచ్చాక వాటితోనూ ఇదే సాధన.

చూపులేనివాళ్ళు సంస్థకి కట్టేది తొలి కుక్కకి 150 డాలర్లు, తర్వాతి వాటికి 50, మాజీ సైనికులకి ఒక్క డాలరు. 1930ల నాటి రుసుము ఇప్పటికీ అంతే. ఖర్చులో అదో మూలకీ రాదు. దానంగా కాక కొనుక్కున్నామని తల ఎత్తుకుని చెప్పుకోవడానికి పెట్టింది.

కుక్క వీధి దాటిన అరవై ఏళ్ళకి గాని చట్టం గడప దాటలేదు. 1973లో పునరావాస చట్టం వచ్చింది, అందులో వికలాంగుల పట్ల వివక్ష కూడదన్న 504వ సెక్షనుకి నిబంధనలు మాత్రం రాలేదు. 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వికలాంగులు ప్రభుత్వ భవనంలోనే మూడు వారాల పైచిలుకు బైఠాయించి వాటిని సాధించుకున్నారు. నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్లు వాళ్ళకి భోజనం మోసుకొచ్చారు. 1990 మార్చిలో కొందరు చక్రాల కుర్చీలు వదిలి పార్లమెంటు భవనం మెట్లు పాకుతూ ఎక్కారు. ఆ జూలై 26న అధ్యక్షుడు జార్జ్ బుష్ వికలాంగుల హక్కుల చట్టం మీద సంతకం చేశాడు.

ఇక్కడ కొత్తగా హోటల్ పెట్టిన మనవాళ్ళకి ఆ చట్టంతో పరిచయం సాధారణంగా సాంబారు వాసన మధ్య జరుగుతుంది. ఆ చట్టం ప్రకారం ఇలాంటి కుక్కల్ని లోపలికి రానివ్వాలి; కుక్కతో వచ్చినవాళ్ళని గుమ్మంలో ఆపి అడగదగ్గవి రెండే ప్రశ్నలు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా, ఏ పని నేర్పారు? కాగితం చూపించమనకూడదు, ఎందుకంటే అలాంటి ప్రభుత్వ ధ్రువపత్రమే లేదు. ఈ సందు చూసుకుని మామూలు పెంపుడు కుక్కకి ఇంటర్నెట్‌లో కోటు కొని తొడిగి తీసుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు చేసే పాపానికి, గుమ్మంలో అనుమానపు చూపులు పడేది చూపులేనివాడి మీద.

పొలం ఇంటికి తిరిగొద్దాం. కూన వెళ్ళిపోయిన కొన్ని నెలలకి సంస్థ నుంచి కబురొస్తుంది. మోరిస్‌టౌన్ వీధుల్లో చివరి నడక, కావాలంటే వచ్చి చూడొచ్చు. షరతు ఒకటే, దగ్గరికి రాకూడదు, పిలవకూడదు. తల్లీ కూతురూ సగం వీధి వెనకగా నడుస్తారు. ముందు శిక్షకుడు, ఆయన ఎడమపక్క ఒకప్పటి కూన. ఇప్పుడు వీపు మీద గట్టి పిడి ఉన్న జీను, తల నిటారు. మూల మీద ఎవరో శాండ్‌విచ్ ముక్క పారేశారు, పక్కనుంచి పోయింది. పావురాలు లేచాయి, మెడైనా తిప్పలేదు. రోడ్డు అంచున ఆగింది. శిక్షకుడు ‘ఫార్వర్డ్’ అన్నాడు. అది కదల్లేదు. మరుక్షణం తెల్ల వ్యాను ఒకటి మలుపు కోసుకుంటూ పోయింది.

వెనక నిలబడ్డ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లేకపోతే ‘గుడ్ గర్ల్’ అని అరిచేసేదే.