మలయా తోటల్లో కల్లు దుకాణం

పాత మద్యం సేకరించేవాళ్లలో కొందరికి కెనడా విస్కీ మీద ప్రత్యేకమైన మక్కువ. 1939లో ఆరో జార్జి రాజదంపతులు కెనడా పర్యటనకు వచ్చినప్పుడు సీగ్రామ్ మద్యం కంపెనీ అధిపతి శామ్యూల్ బ్రాన్ఫ్‌మన్ వారి గౌరవార్థం క్రౌన్ రాయల్ విస్కీ తయారుచేయించాడు. పాత సీసా మూతకు అంటించిన పన్ను చీటీ మీద సంవత్సరం అచ్చయి ఉంటుంది. దాంతో సరుకు వయసు తేలిపోతుంది.

కొబ్బరి కల్లుకు అలాంటి గుర్తులేవీ ఉండవు. పొద్దున దింపింది సాయంత్రానికి పొంగి, మర్నాటికి పుల్లబడుతుంది. అయినా మలేషియా తెలుగువారి చరిత్రలో దానికున్న చోటు ఏ విస్కీకీ లేదు.

విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి బ్రిటిష్ పాలనలోని మలయా (నేటి మలేషియా) వెళ్లిన కూలీలు రబ్బరు తోటల్లోనూ, పెరాక్‌లోని బాగాన్ దాతు వంటి చోట్ల కొబ్బరి తోటల్లోనూ కుదురుకున్నారు. ఊళ్లో వాళ్లెరిగినవి తాటికల్లు, ఈతకల్లు. మలయాలో దొరికింది కొబ్బరిది. విచ్చుకోని పూగుత్తిని తాళ్లతో బిగించి, మెల్లగా తట్టి, కొస చెక్కితే కారే నీరను కుండలో పడతారు. ఎండెక్కేకొద్దీ అదే పులుస్తుంది.

కల్లు గీయడం పాత విద్యే. దుకాణం మాత్రం దొరల ఏర్పాటు. లైసెన్సుతో తోటలోనే అమ్మకం సాగేది. 1928 నాటికి మగవాళ్ల రోజుకూలి 50 సెంట్లు, ఆడవాళ్లది 40 సెంట్లు. అందులో కొంత ఆ దుకాణానికే చేరేది. తోట దుకాణం లాభాన్ని కూలీల సంక్షేమానికి వాడాలన్నది నియమం. కూలీ తాగితేనే నిండే సంక్షేమ నిధి అది! ఇంతకన్నా అన్యాయమైన లెక్క ఉంటుందా?

కూలీలు ఊరుకోలేదు. 1941లో క్లాంగ్ రబ్బరు తోటల్లో ఆర్.హెచ్. నాథన్ నాయకత్వాన జరిగిన సమ్మెలో కూలి పెంపు, పిల్లలకు చదువు, దొర ఎదురైతే సైకిలు దిగే పద్ధతి రద్దు వంటి కోర్కెలతో పాటు కల్లు దుకాణాల మూత కూడా ఉంది. ప్రభుత్వం నాథన్‌ను అరెస్టు చేసి భారతదేశానికి పంపేసింది. సైన్యాన్ని దింపి సమ్మెను అణచింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కెడాలో ఎ.ఎం. సామి నడిపిన తొండర్ పడై (సేవాదళం) కార్యకర్తలు దుకాణాల ముందు నిలబడి తాగుడును అడ్డుకున్నారు. 1947లో పోలీసులతో ఘర్షణలు జరిగాయి.

ఈ చరిత్రను ఏ సేకర్తా సీసాలో దాచలేడు. తోటల్లో పుట్టి పెరిగిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే, ఆ దుకాణం గురించి వాళ్లను అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.