ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు

తాగుడు మానాలనుకునేవారు ఒకచోట కూర్చుని తమ అనుభవాలు చెప్పుకునే కూటాలివి. క్లుప్తంగా ఏఏ మీటింగులంటారు. వీటిని నడిపేది డాక్టర్లో అధికారులో కాదు, ఒకప్పుడు తాగి ఇప్పుడు మానేసినవారే. ఫీజు లేదు, పేరు నమోదు లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత.

1935 మే నెలలో న్యూయార్క్ స్టాక్ బ్రోకర్ బిల్ విల్సన్ పనిమీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ నగరానికి వెళ్లాడు. అప్పటికి కొన్ని నెలలుగా అతను తాగడం లేదు. వెళ్లిన పని చెడిపోయి మనసు మళ్లీ మద్యం మీదికి పోతున్నప్పుడు, తనలాంటి మరొకరితో మాట్లాడితేనే నిలవగలననుకుని ఆ ఊరి చర్చీలకు ఫోన్లు చేశాడు. అలా పరిచయమైనవాడే సర్జన్ బాబ్ స్మిత్. బాబ్ తాగుడు మానిన జూన్ 10నే సంస్థ పుట్టినరోజుగా జరుపుకుంటారు. కోలుకునే దారి చూపే పన్నెండు మెట్లతో కూడిన వారి పుస్తకం 1939లో వచ్చింది. భారతదేశంలో ఈ ఉద్యమం 1957లో ముంబైలో వేళ్లూనుకుంది. జాతీయ కార్యాలయం ఇప్పటికీ అక్కడే ఉంది.

మన దేశంలో అవసరం ఎంతుందో 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే చెబుతోంది. దాని లెక్కన మద్యం తాగేవారు దాదాపు 16 కోట్లు. అందులో 5.7 కోట్లమందికి సాయం కావాలి. మద్యానికి బానిసైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందామన్నారు. ఇంత పెద్ద లోటును ఆసుపత్రులే పూడ్చలేవు. పైసా ఖర్చులేని ఈ కూటాల విలువ అక్కడే ఉంది.

సమావేశం ఎక్కడుందో తెలుసుకోవడం కష్టం కాదు. ఏఏ ఇండియా వెబ్‌సైటులో ఊళ్లవారీగా గ్రూపుల వివరాలుంటాయి. చోటు, వేళ మారుతుంటాయి కాబట్టి ముందుగా ఫోన్ చేసి వెళ్లడం మంచిది. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాన్నీ, డీఅడిక్షన్ సెంటర్‌నూ అడగవచ్చు. వ్యసన విముక్తికి కేంద్రం నడిపే ఉచిత ఫోన్ నంబరు 14446. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సేవ టెలీమానస్ నంబరు 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు. చాలా గ్రూపులు చర్చి గదుల్లోనో బడి గదుల్లోనో కలుస్తాయి. అది చోటు కోసమే, మతం కోసం కాదు. దగ్గర్లో గ్రూపు లేకపోతే ఆన్‌లైన్ మీటింగులున్నాయి. విదేశాల్లో ఉన్న తెలుగువారికీ అవి అందుబాటులో ఉంటాయి. ఏఏ సంప్రదాయం ప్రకారం ఇద్దరు ముగ్గురు కలిసినా గ్రూపే. చిన్న ఊళ్లవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఓపెన్ మీటింగుకు ఎవరైనా వెళ్లవచ్చు, ఇంట్లోవాళ్లనూ తీసుకెళ్లవచ్చు. క్లోజ్డ్ మీటింగు మానాలనుకునేవారికి మాత్రమే. సాధారణంగా గంట, గంటన్నర సాగుతుంది. ఒకరు తన పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని చెప్పి, తన కథ మొదలుపెడతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. కొత్తవారు నోరు విప్పకుండా వెనక కూర్చున్నా ఎవరూ తప్పుపట్టరు. అక్కడ విన్నవి బయట చెప్పకూడదన్నది నియమం. ఊళ్లో అందరూ అందరికీ తెలిసిన మన సమాజంలో దీన్ని ఎంత గట్టిగా పాటిస్తే అంత మేలు. చివర్లో తిరిగే చందా పెట్టెలో వేయడం, మానడం ఎవరిష్టం వారిది. బయటివారి డబ్బు తీసుకోరు. దేవుడి ప్రస్తావన ఉంటుంది గానీ, ఎవరికి అర్థమైన దేవుడు వారివాడే. నమ్మకం లేనివారూ వస్తారు. కొన్నాళ్లకు పాత సభ్యుల్లో ఒకరిని స్పాన్సర్‌గా ఎంచుకుంటారు. తాగాలనిపించినప్పుడు ఫోన్ చేయాల్సింది వారికే.

రోజూ ఎక్కువగా తాగేవారు మాత్రం ఒక్కసారిగా మానేసి నేరుగా మీటింగుకు రాకూడదు. మానిన కొద్ది గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టరును చూసి, మందుల సాయంతో మానడమే క్షేమం. మీటింగు చికిత్సకు బదులు కాదు, తోడు. ఆ తోడుకు శాస్త్రీయ ఆధారమూ ఉంది. 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిశీలించిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం, పద్ధతిగా ఏఏ వైపు నడిపించే చికిత్సల్లో ఏడాది తర్వాత 42 శాతం మంది పూర్తిగా తాగకుండా ఉన్నారు. ఇతర చికిత్సల్లో అది 35 శాతం.

కుటుంబాల కోసం బిల్ భార్య లోయిస్, మరో సభ్యుడి భార్యతో కలిసి 1951లో ఆల్-అనాన్‌ను స్థాపించింది. తాగుడు వల్ల ఇంట్లోవాళ్లు పడే బాధ మనకు తెలియనిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడితే మరుసటి ఏడు సారా నిషేధం వచ్చింది. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. దుకాణం తెరిచినా మూసినా తాగేవాడితో కాపురం చేసే మనిషి బాధ వేరు. ఆ బాధ చెప్పుకోవడానికి ఆల్-అనాన్ ఒక చోటు. తాగే ఆడవాళ్లు అపవాదుకు భయపడి మరింత దాచుకుంటారు. ఆడవాళ్లకే పరిమితమైన ఆన్‌లైన్ మీటింగులు వారికి తేలిక.

ఒక్కో గ్రూపు తీరు ఒక్కోలా ఉంటుంది. మొదటిది నచ్చకపోతే మరో గ్రూపుకు వెళ్లి చూడాలి. మళ్లీ తాగినవారిని వెళ్లగొట్టరు. తాగిన రోజునే వస్తే, చాలా గ్రూపుల్లో ఆ పూట మాట్లాడకుండా వినమంటారు. మర్నాటి నుంచి తాగని రోజుల లెక్క మళ్లీ ఒకటో రోజుతో మొదలవుతుంది.