మధుమేహ హెచ్చరిక శునకాలు: ఇంటి సాక్ష్యం నుంచి శాస్త్ర పరీక్ష దాకా

1. ఉపోద్ఘాతం

మధుమేహ చికిత్సాచరిత్రలో శునకం రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి ప్రయోగశాల బల్ల, రెండోది రోగి పడకగది. మొదటిదాన్ని గురించి వైద్యచరిత్రకారులు విస్తారంగా రాశారు. రెండోదాని చరిత్ర లేఖలు, సర్వేలు, చిన్న నివేదికల మధ్య చెల్లాచెదురుగా ఉంది. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా తగ్గుతున్నప్పుడు యజమానిని హెచ్చరించే శునకాలు ఏ పరిస్థితుల్లో వెలుగులోకి వచ్చాయి, ఆ యజమానుల మాటకు శాస్త్రం ఎంత విలువ ఇచ్చింది అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వ్యక్తుల అనుభవ కథనాలను ఆధారాలుగా స్వీకరించే సాహిత్య, చరిత్ర పరిశోధకులకు రెండో ప్రశ్న పరాయిది కాదు.

పేరు గురించి ఒక మాట. మన పత్రికలు పోలీసు కుక్కలను ‘జాగిలాలు’ అంటాయి. వేటకు సంబంధించిన ఆ పదం కన్నా ‘హెచ్చరిక శునకం’ అనడం ఇక్కడ నప్పుతుంది. అయితే కనిపెట్టడం అనే అర్థంలో నేడు వాడుతున్న ‘పసిగట్టు’ క్రియలోని ‘పసి’కి వాసన అనే అర్థం ఉంది. ఈ శునకాలు చేసే పనికి అంతకన్నా తగిన క్రియ దొరకదు.

2. ఇన్సులిన్ వెంట వచ్చిన ఆపద

1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆస్కార్ మింకోవ్‌స్కీ, జోసెఫ్ ఫాన్ మేరింగ్ ఒక శునకం క్లోమాన్ని తొలగించగా దానికి మధుమేహం వచ్చింది. 1921 వేసవిలో టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ చేసిన ప్రయోగాలు కూడా శునకాల మీదనే సాగాయి. 1922 జనవరి 11న పద్నాలుగేళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు తొలి ఇంజెక్షన్ ఇచ్చారు. జేమ్స్ కాలిప్ శుద్ధి చేసిన ద్రవాన్ని అదే నెల 23న ఇచ్చాక గానీ ఆశించిన ఫలితం రాలేదు. ఈ కథ అందరికీ తెలిసిందే.

అంతగా ప్రచారం పొందని మరో విషయం అదే ఏడాది టొరంటోలోనే నమోదైంది. ఇన్సులిన్ మోతాదు ఎక్కువైనప్పుడు రోగికి కలిగే లక్షణాలను వాల్టర్ క్యాంప్‌బెల్, ఆల్మన్ ఫ్లెచర్ వర్ణించారు. చెమటలు, వణుకు, ఆకలి, కంగారు, తర్వాత మాట తడబాటు, చివరికి స్పృహ తప్పడం. మన ఇళ్లలో దీనినే ‘షుగర్ పడిపోయింది’ అంటారు. విరుగుడు సులభం. కాస్త చక్కెర లేదా పండ్లరసం చాలు. కానీ దాన్ని తీసుకోవాలన్న తెలివిడి కలగాల్సిన మెదడుకే అప్పుడు గ్లూకోజు అందదు. ఏళ్ల తరబడి టైప్-1 మధుమేహంతో జీవించిన కొందరిలో చెమట, వణుకు వంటి తొలి హెచ్చరికలు కూడా క్రమంగా మాయమవుతాయి. అటువంటి వ్యక్తి ఒంటరిగా నిద్రిస్తున్నప్పుడు ఆపదను గుర్తించేవారెవరూ ఉండరు.

1993లో వెలువడిన అమెరికా, కెనడాల అధ్యయనం ఈ సమస్యను అంకెల్లోకి తెచ్చింది. 1,441 మందితో సాగిన ఆ అధ్యయనం, చక్కెరను గట్టిగా అదుపులో ఉంచితే కళ్లు, మూత్రపిండాలు, నాడులకు కలిగే హాని బాగా తగ్గుతుందని నిరూపించింది. అదే చికిత్స వల్ల తీవ్రమైన చక్కెర పతనాలు సుమారు మూడు రెట్లు పెరిగినట్లు కూడా తేల్చింది. హెచ్చరిక శునకాల ప్రస్తావనలు వైద్యపత్రికల్లో 1990ల నుంచే కనిపించడానికి దీనితో సంబంధం ఉందని నా అభిప్రాయం. శునకం ముక్కు ఆ దశకంలో కొత్తగా మెరుగుపడలేదు. అది పసిగట్టవలసిన సందర్భాలు పెరిగాయి, వాటిని ఇంట్లోనే కొలిచి నిర్ధారించుకొనే మీటర్లు అప్పటికి రోగుల చేతికి వచ్చాయి.

3. ఇంటి నుంచి వచ్చిన మాట

శునకం వ్యాధిని వాసన చూడగలదన్న ఆలోచనకు వైద్యపత్రికల్లో చోటు కల్పించింది 1989లో ‘లాన్సెట్’లో వచ్చిన ఒక లేఖ. పెంపుడు శునకం తన కాలి మీది పుట్టుమచ్చను పదేపదే వాసన చూస్తుండటంతో ఒక మహిళ వైద్యుల వద్దకు వెళ్లింది. పరీక్షలో అది చర్మ క్యాన్సర్ అని తేలింది. 1992లో ‘డయాబెటిక్ మెడిసిన్’ పత్రిక అనుబంధంలో, మధుమేహులతో నివసించే పెంపుడు జంతువుల ప్రవర్తనపై బ్రిటిష్ వైద్యుల సంక్షిప్త నివేదిక వెలువడింది. చక్కెర పడిపోయినప్పుడు వాటిలో మూడోవంతుకు పైగా ఏదో ఒక విధంగా స్పందించినట్లు యజమానులు చెప్పారు.

2000 డిసెంబరులో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ క్రిస్మస్ సంచికలో వచ్చిన లివర్‌పూల్ వైద్యుల వ్యాసం ఈ చరిత్రలో ముఖ్యమైన పత్రం. ముగ్గురు మహిళలు, మూడు శునకాలు. కాండీ అనే శునకం యజమానురాలి చక్కెర తగ్గగానే గదిలోంచి పారిపోయి కుర్చీ కింద దాక్కొనేది, ఆమె ఏదైనా తిన్నాకనే బయటికి వచ్చేది. సూసీ రాత్రివేళ యజమానురాలిని తట్టి లేపేది. నాట్ అటూ ఇటూ తిరిగి, ఆమె ఒడిలో తల పెట్టేది. చాలాసార్లు తమకు ఏ లక్షణమూ తెలియకముందే శునకం స్పందించిందని వారు చెప్పారు.

వ్యాసకర్తల జాబితాలో వైద్యుల పేర్లతోపాటు ఆ మూడు శునకాల పేర్లూ ఉన్నాయి. ఆ పత్రిక క్రిస్మస్ సంచికలో హాస్యానికి చోటివ్వడం ఆనవాయితీ. వ్యాసశీర్షిక కూడా సాంకేతిక పరికరాల ప్రకటనలను అనుకరిస్తూ సాగుతుంది. ఈ హాస్యాన్ని అలంకారంగా మాత్రమే చదవడం సరికాదు. ఇంటి ఆడవారి మాట, పెంపుడు కుక్క చేష్ట గంభీరమైన వైద్యపత్రికలోకి ప్రవేశించడానికి ఆ పరిహాసం ఒక దొడ్డిదారిగా ఉపయోగపడింది. ఈ సంగతి ఎనిమిదేళ్ల తర్వాత సూటిగా పరిశోధనాంశమైంది. బెల్‌ఫాస్ట్‌కు చెందిన డెబొరా వెల్స్ బృందం 212 మంది యజమానులను ప్రశ్నించగా, తమ శునకం కనీసం ఒక్కసారైనా స్పందించిందని సుమారు 65 శాతం మంది చెప్పారు.

4. శిక్షణ, చట్టం

కాండీ, సూసీ, నాట్‌లకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. శిక్షణ మరో సంప్రదాయం నుంచి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో మార్గదర్శక శునకాల పాఠశాల ఏర్పడింది. 1929లో ‘సీయింగ్ ఐ’ సంస్థ ఆ పద్ధతిని అమెరికాలో స్థిరపరిచింది. కాలిఫోర్నియాలో ‘డాగ్స్ ఫర్ డయాబెటిక్స్’ సంస్థను స్థాపించిన మార్క్ రూఫెనాక్ట్ అంధుల కోసం మార్గదర్శక శునకం పిల్లను పెంచుతున్న స్వచ్ఛంద కార్యకర్త. ఆయనకూ మధుమేహం ఉంది. ఒక రాత్రి చక్కెర పడిపోయినప్పుడు ఆ పిల్లే తనను లేపిందని, ఆ అనుభవమే సంస్థకు మూలమని ఆయన చెబుతారు. బ్రిటన్‌లో 2008లో క్లేర్ గెస్ట్, జాన్ చర్చ్ స్థాపించిన సంస్థ తర్వాత ‘మెడికల్ డిటెక్షన్ డాగ్స్’గా ప్రసిద్ధమైంది.

చక్కెర తగ్గిన సమయంలో రోగి చెమటను లేదా ఊపిరిని గుడ్డ, దూది వంటివాటిపై సేకరించి శీతలీకరిస్తారు. ఆ వాసనను గుర్తించినప్పుడల్లా శునకానికి బహుమతి దొరుకుతుంది. తర్వాత కాలితో గీకడమో, మూతితో నెట్టడమో, గ్లూకోజు సంచి తెచ్చివ్వడమో నేర్పుతారు. అమెరికా వికలాంగుల చట్టం ప్రకారం ఇటువంటి శునకానికి బహిరంగ ప్రదేశాల్లో ప్రవేశం ఉంటుంది, అయితే దానికి ప్రభుత్వ ధ్రువీకరణ అవసరం లేదు. ఈ వెసులుబాటు పేదరోగికి మేలు చేసేదే, కానీ మోసానికీ తలుపు తెరిచింది. సరైన శిక్షణ లేని పిల్లలను వేల డాలర్లకు అమ్ముతున్నారన్న ఆరోపణతో 2018లో వర్జీనియా రాష్ట్ర అటార్నీ జనరల్ ఒక విక్రేతపై దావా వేశారు.

5. కొలత ముందు సాక్ష్యం

2013లో ఆరెగాన్ పరిశోధకులు శిక్షిత శునకాల ముందు చర్మం నుంచి సేకరించిన నమూనాలను ఉంచారు. మూడు శునకాలూ విఫలమయ్యాయి. 2015లో మరో బృందం ఆరు శునకాలను పరీక్షించగా, అవి తక్కువ చక్కెర నమూనాల్లో 50 నుంచి 87.5 శాతం దాకా గుర్తించాయి. నమూనా గుడ్డలోని వాసన, బతికి ఉన్న మనిషి సన్నిధి ఒకటి కావు కనుక ఈ రెండింటిలో ఏదీ ఇంటి అనుభవాన్ని పూర్తిగా పరీక్షించలేదు.

ఇంట్లోనే జరిగిన పరీక్ష 2017 నాటిది. ఎనిమిది మందికి నిరంతరం చక్కెరను కొలిచే పరికరం అమర్చి, దాని అంకెలు వారికి కనబడకుండా చేశారు. శునకాలు చక్కెర పతనాల్లో 36 శాతమే గుర్తించాయి. అవి చేసిన హెచ్చరికల్లో సుమారు 12 శాతమే నిజమైనవి. శునకం, పరికరం రెండూ గుర్తించిన సందర్భాల్లో పరికరమే మధ్యస్థంగా 22 నిమిషాలు ముందుంది. అయినా యజమానులు తమ తృప్తికి పదికి 8.9 మార్కులు వేశారు. అబద్ధాలు చెప్పే మనుషులు కారు వారు. ఫలించిన హెచ్చరిక గుర్తుండిపోతుంది, వృథా హెచ్చరిక మరుపున పడుతుంది. మౌఖిక చరిత్రలు సేకరించే వారికి స్మృతి చేసే ఈ ఎంపిక సుపరిచితమే.

2019లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 27 శునకాల నుంచి నాలుగు వేలకు పైగా చక్కెర పతన, పెరుగుదల సందర్భాలను విశ్లేషించారు. పతనాలను గుర్తించడంలో మధ్యస్థ విలువ 83 శాతం. ఒక్కో శునకానికీ తేడా చాలా ఉంది. ఈ ఫలితాన్ని 2017 నాటిదానితో పోల్చేటప్పుడు మూలపరిశీలన తప్పదు. ఇక్కడి నమోదులు యజమానులు స్వయంగా చేసుకున్నవి. శునకాలన్నీ ఒకే సంస్థవి, ఆ సంస్థ స్థాపకురాలు వ్యాసకర్తల్లో ఒకరు. మరోవైపు, 2017 అధ్యయనంలో పాల్గొన్నవారు ఎనిమిది మందే. రెండు అంకెల సరాసరి తీసి సత్యం మధ్యలో ఉందనడం సులభమే కానీ, అవి కొలిచినవి వేర్వేరు విషయాలు. ఒకటి శునకం చక్కెరను ఎంత కచ్చితంగా పసిగడుతుందో చూసింది. రెండోది జాగ్రత్తగా శిక్షణ పొందిన శునకంతో, రక్తపరీక్షకు అలవాటుపడిన యజమాని జంటగా ఏమి సాధిస్తారో చూసింది.

ఇంతకీ శునకం పసిగట్టేది దేన్ని? 2016లో కేంబ్రిడ్జ్ బృందం ఎనిమిది మంది టైప్-1 మధుమేహ మహిళల చక్కెరను వైద్యపర్యవేక్షణలో తగ్గించి, వారి ఊపిరిని పరీక్షించింది. ఐసోప్రీన్ అనే వాయువు గణనీయంగా పెరిగింది. మనిషి ముక్కుకు ఆ తేడా తెలియదు. ఆ ప్రయోగంలో శునకాలను వినియోగించలేదు.