గడప దాటు అధికారము

1866లో పురపాలక సంఘమేర్పడిన వేలూరునందును, మగ్గములకును అగ్గిపెట్టెల పరిశ్రమకును పేరొందిన గుడియాత్తమునందును, ఒకరి యింటి గోడ నెరియలు వారినదో లేదో చూచుటకు పురపాలక సంఘపు ఉద్యోగి యే హక్కుతో లోపల నడుగిడగలడను ప్రశ్నకు చిరకాలము సమాధానమిచ్చినది 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము. ఆ శాసనము న్యాయాధిపతి వారంటును కోరలేదు. తనిఖీకి వచ్చువాడు సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వఱకు గడప త్రొక్కరాదనియు, నివాసగృహమున గృహస్థుని సమ్మతి లేకయో ముందుగా నోటీసియ్యకయో ప్రవేశింపరాదనియు, అంతఃపురస్త్రీలు వేఱొకచోటికి మఱలుటకు వ్యవధి యొసగవలెననియు, ఇంటివారి సాంఘిక మతాచారములను మన్నింపవలెననియు మాత్రము విధించెను. ఘోషా పాటించు కుటుంబములు గల యీ పట్టణములలో నీ తుది నియమములు వట్టి యలంకారములు కావని నా తలంపు. కూలనున్న కట్టడమును బాగుచేయుమనియో పడగొట్టుమనియో యజమానికి తాఖీదు పంపుటకును, గడ్డితోను ఆకులతోను ఇండ్లు కప్పుటను అదుపుచేయుటకును అధికారము ఆ చట్టమందే యుండెను.

అమెరికాలో త్రోవ వేఱు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కమారా యనునతడు వారంటు లేని తనిఖీదారులను లోనికి రానీయక నిలువరింపగా, 1967లో సుప్రీముకోర్టు, గృహస్థుడు నిరాకరించినచో వారంటు తేవలసినదేయనియు, ఐనను దానికి ఆ యింటి దోషమును ముందే నిరూపింపనక్కఱలేదనియు, ఆ ప్రాంతపు కట్టడముల వయస్సు స్థితిగతులే చాలుననియు తీర్పు చెప్పెను. ఇక, సీమాంధ్ర మునిసిపాలిటీలను సయితము 1965 వఱకు నడపిన యా మద్రాసు చట్టము, తమిళనాట 2023లో క్రొత్త నగరపాలన శాసనమునకు చోటిచ్చినది.