అడ్డరోడ్డు కడ పేరుపలక

తమ యూరికి వచ్చు బంధువునకు జాబు వ్రాయునపుడు పల్లెవాసులెవ్వరును ఊరిపేరు మాత్రము చెప్పి ఊరకుండరు. "అడ్డరోడ్డు కడ బస్సు దిగుడు, అచ్చటినుండి రెండు మైళ్లు" అని వ్రాయుదురు. ఒక సీమలో దీనిని జంక్షను అందురు. ఒక సీమలో క్రాసురోడ్డు అందురు. అనకాపల్లి జిల్లాలో జాతీయ రహదారిపై నున్న ఒక కూడలికి అడ్డరోడ్డు అనునదియే ఊరిపేరై స్థిరపడినది. రాజమార్గములను గూర్చి చరిత్రకారులు విస్తారముగా వ్రాసిరి. ఆ మార్గమునుండి చీలి పల్లెను చేరు చిన్నత్రోవను గూర్చియు, ఆ చీలిక కడ నిలుచు పేరుపలకను గూర్చియు వ్రాసినవారు అరుదు. నేడు మేము ఆ కథను ముచ్చటింప దలచితిమి.

మన దేశమున బాటసారిని గూర్చిన చింత ప్రాచీనమైనది. కర్నూలు సీమలోని ఎర్రగుడి బండలపై క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దిలో చెక్కబడిన అశోకుని శాసనములు నేటికిని కలవు. మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు బాటల వెంట చెట్లు నాటించి, బావులు త్రవ్వించిన సంగతి వానిలో నొక శాసనము తెలుపుచున్నది. నీడయు నీరును ఉన్నవి. కాని ఏ చీలిక ఏ యూరికి పోవునో తెలుపు గుర్తును గూర్చి ఆ శాసనము పలుకదు. బహుశః అది ఎదురుపడిన మనిషిని అడిగి తెలిసికొనవలసినదే కాబోలు.

రాతి గుర్తునకు చక్కని నిదర్శనము మన పొరుగున తమిళదేశమందు దొరకినది. ధర్మపురి ప్రాంతమున అదియమాన్ పెరువళి, అనగా అదియమానుని పెద్దబాట, అను పేరు గల దూరపురాయి యొకటి బయల్పడినది. అది 13వ శతాబ్ది నాటిదని పండితుల యభిప్రాయము. నావల్‌తావళమునకు 29 కాదముల దూరమని దానిపై అక్షరములతోను అంకెలతోను చెక్కిరి. అంతటితో తృప్తి చెందక, క్రింద రెండు పెద్ద గుంటలను, తొమ్మిది చిన్న గుంటలను త్రవ్విరి. పెద్దగుంట పదికి గుర్తు, చిన్నగుంట ఒకటికి గుర్తు. చదువురాని బండివాడును వ్రేలితో తడవి దూరము లెక్కించుకొనవచ్చును! దారి చూపువాడు ముందుగా ఆలోచింపవలసినది దారి తెలియనివానిని గూర్చియే యను సత్యమును ఆ శిల్పి యెరుగును.

మన పల్లెత్రోవలకు ఇట్టి రాళ్లు పాతినవారు లేరు. కృష్ణా గుంటూరు సీమలలో డొంక యనియు, గోదావరి జిల్లాలలో పుంత యనియు పిలువబడిన ఆ బండిబాటలకు రావిచెట్టు, చలివేంద్రము, పొలిమేర రాయి ఇవియే గుర్తులు. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట నిర్మాణము జరిగిన పిదప, గోదావరి డెల్టాలో కాలువగట్లును బాటలైనవి. లాకుల కడ పడవయు బండియు కలిసికొనెడివి. ఊరివారికి ఆ గుర్తులు చాలును. పైయూరివాని కన్నులకు అన్ని చెట్లు నొక్కటియే.

మోటారుబండి వచ్చిన పిమ్మట ఈ లోపము స్పష్టమయ్యెను. ఎద్దుబండివాడు ఆగి అడుగును. మోటారు తోలువాడు అడుగకయే దాటిపోవును. 1927లో జయకర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము దేశములోని రోడ్ల స్థితిని విచారించెను. దాని సిఫారసుల ఫలముగా 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వెలసెను. 1939 నాటి మోటారు వాహనముల చట్టము మార్గసంకేతములకు నియతరూపములను తన అనుబంధమున చేర్చెను. 1943లో నాగపురమున సమావేశమైన చీఫ్ ఇంజనీర్లు రోడ్లను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రోడ్లుగా విభజించిరి. బాగుగా సాగుబడి గల ప్రాంతమున ఏ గ్రామమును పెద్దరోడ్డుకు 5 మైళ్లకు మించిన దూరమున ఉండరాదని వారు లక్ష్యము పెట్టుకొనిరి. డొంకకు ప్రభుత్వపు లెక్కలలో ఒక తరగతి యనునది ఇట్లు లభించెను.

1956 నాటి తూనికలు కొలతల చట్టము వెంట మైలు పోయి కిలోమీటరు వచ్చెను. "మైలురాయి" యను మాట మాత్రము మన నోట నిలిచినది. 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, మైదాన ప్రాంతమున 500 మందియు, కొండ ప్రాంతమున 250 మందియు గల ఆవాసములకు రోడ్డు వేయ సంకల్పించెను. రాతి తలపై పసుపురంగున్న జాతీయ రహదారి, ఆకుపచ్చ యున్న రాష్ట్ర రహదారి, నారింజరంగున్న గ్రామరోడ్డు అని గుర్తింపవచ్చును. కూడలి కడ పలకలు ఇద్దరితో రెండు విధముల మాటలాడును. పెద్దరోడ్డున వచ్చువానికి, ఎర్రయంచు గల త్రికోణములో ప్రక్కత్రోవను చూపి "ఇచ్చట బండి అడ్డు రావచ్చును, జాగ్రత్త" యని చెప్పును. పల్లెనుండి వచ్చువానికి, ఎనిమిది మూలల ఎర్రపలకయో, తలక్రిందులైన త్రికోణమో "నీవు ఆగి చూడుము" అని చెప్పును. ఊరిపేరు, దూరము, బాణపుగుర్తు గల పలక మరియొకటి. ప్రమాదము నివారించునవి మొదటివి. ఊరిని లోకమునకు చూపునది ఇది.

ఒకమారు మేము రాత్రివేళ ఒక పెండ్లికి పోవుచు, చీలిక తెలియక నాలుగు మైళ్లు ముందునకు పోయితిమి. తిరిగి వచ్చి టీకొట్టువానిని అడిగితిమి. "రావిచెట్టు కడ తిరుగవలెనండి. రోడ్డు వెడల్పు చేయునపుడు చెట్టు కొట్టివేసిరి" అని యతడు చెప్పెను. పలక ఉన్నది, దానిపై సినిమా ప్రకటన అంటించియున్నది. పాత గుర్తు పోయినది, క్రొత్త గుర్తు కనబడదు. మాకు పోయినది భోజనపువేళ మాత్రమే. కాని ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005లో ఆరంభమైన 108 వాహనము ప్రసవవేదన పడుచున్న తల్లికొరకు అదే చీలికను వెదకినచో? ఆ నాలుగు మైళ్ల వెల వేరు.

చేతిలోని ఫోను నేడు దారి చెప్పును, నిజమే. సంకేతము అందని చోట అదియు మూగవోవును. కావున ఈమారు మీ అడ్డరోడ్డు కడ దిగినపుడు ఒక్క నిమిషము ఆగి, పైయూరివాని కన్నులతో చూడుడు. పలక యున్నదా? ఊరిపేరు చదువ వచ్చుచున్నదా? రాత్రి దీపపు వెలుగులో కనబడునా? లేనిచో పంచాయతీవారికి చెప్పుడు. కాగితము అంటించియున్నచో మీరే తొలగింపుడు. ఏనాటి శిల్పియో తాను ఎన్నడును చూడని బాటసారికొరకు రాతిలో పదునొకండు గుంటలు త్రవ్వెను. మనము చేయవలసిన పని అంతకంటె చిన్నది.